ప్లాటర్‌లో పేపరు సగమే తెగి, రోలు వంకరగా నడుస్తుంటే: కట్టరు మార్చే ముందు చూడాల్సినవి

శ్రీకాకుళంలో డ్రాయింగ్ ప్రింట్లు, జెరాక్సుల షాపు నడుపుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల దగ్గర 36 అంగుళాల ఇంక్‌జెట్ ప్లాటర్, అంటే రోలు పేపరు మీద పెద్ద డ్రాయింగ్‌లు ప్రింటు తీసే మెషిన్ ఉంది, కొని మూడేళ్లయింది. నెల రోజులుగా కట్ చేసేటప్పుడు కుడివైపు చివర బెత్తెడు మేర తెగకుండా ఉండిపోతోంది, లాగితే చిరుగుతోంది. పైగా రోలు రెండు మూడు మీటర్లు నడిచేసరికి ఒక పక్కకు జరిగిపోయి, ఒక్కోసారి పని మధ్యలోనే పేపర్ జామ్ అని ఆగిపోతోంది. మెకానిక్ వచ్చి చూసి కట్టర్ సెట్టు, పేపర్ని ముందుకు నడిపే ఫీడ్ మోటారు రెండూ మార్చాలన్నాడు. మార్చమంటారా, వద్దా అని అడుగుతున్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఇప్పుడే ఏదీ మార్చకండి. కట్టరూ ఫీడ్ మోటారూ రెండూ ఒకే నెలలో పాడైపోవడం చాలా అరుదు. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే మీకున్నది రెండు జబ్బులు కాదు, ఒక్కటే. పేపరు తిన్నగా, చదునుగా రావడం లేదు. అలా రానప్పుడు కట్టరు ఎంత కొత్తదైనా చివరిదాకా కోయలేదు. అరపూట ఖర్చు పెట్టి కింద చెప్పినవి వరసగా చూడండి. అప్పటికీ తేలకపోతే పార్టుల సంగతి మాట్లాడుకుందాం.

నేను విజయనగరంలో పద్దెనిమిదేళ్లుగా ప్లాటర్లు నడుపుతూ, బాగుచేస్తూ ఉన్నాను. ఇటు బొబ్బిలి, పార్వతీపురం, అటు నరసన్నపేట, పలాస దాకా తిరిగాను. కట్టర్ పోయిందని నన్ను పిలిచిన చోట్ల నిజంగా కట్టర్ మార్చాల్సి వచ్చింది తక్కువ. పేపరు దగ్గరో, రోలు ఎక్కించిన తీరు దగ్గరో, దుమ్ము దగ్గరో తేలిపోయినవే ఎక్కువ.

ఎందుకలా అవుతుందో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. చాలా మోడళ్లలో కట్టరంటే ఒక చిన్న గుండ్రటి చక్రం బ్లేడు. అది పొడవాటి ఉక్కు పట్టీకి ఆనుకుని ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లుకుంటూ పోతుంది. ఆ రెంటి మధ్య పడిన చోట పేపరు తెగుతుంది. టైలరు గుడ్డ కత్తిరించేటప్పుడు చూడండి, రెండో చేత్తో గుడ్డను పట్టి బిగువుగా ఉంచుతాడు. వదులుగా ఉంటే కత్తెర గుడ్డను నములుతుందే తప్ప కోయదు. ప్లాటర్‌లో ఆ రెండో చెయ్యి పని పించ్ రోలర్లది, అంటే పేపర్ని నొక్కి పట్టి నడిపే చిన్న రబ్బరు చక్రాలది, కింద నుంచి పీల్చి పేపర్ని పట్టి ఉంచే గాలిది. పేపరు వంకరగా వస్తే ఒక పక్క బిగిసి, ఇంకో పక్క వదులై బుడగలా లేస్తుంది. కట్టరు ఆ బుడగ దగ్గరకు వచ్చేసరికి పేపర్ని ముందుకు నెట్టుకుపోతుంది. చివర బెత్తెడు మిగిలిపోవడం అంటే సాధారణంగా ఇదే.

మొదట తెగిన అంచును చూడండి. ఖాళీ పేపరు మీద, ప్రింటు ఏమీ లేకుండా, మెషిన్ ప్యానెల్ నుంచే ఫీడ్ చేసి కట్ కొట్టండి. ఐదుసార్లు. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నెంబరు వేసి, కుడి ఎడమలు రాసి, బల్ల మీద ఒకదాని కింద ఒకటి పరవండి. ఇప్పుడు వెలుతురులో అంచులు చూడండి.

ఈ చివర నుంచి ఆ చివర దాకా నూగులాగా, పీచులాగా ఉంటే బ్లేడు మొండిబారి ఉండొచ్చు, లేదా పేపరు చెమ్మగిల్లి ఉండొచ్చు. అంచు శుభ్రంగానే ఉండి, ఐదు కాగితాల్లోనూ సరిగ్గా ఒకే చోట చిరుగు మొదలైతే, ఆ చోట కట్టర్ దారిలో ఏదో అడ్డం ఉంది. చిరుగు ఒక్కో కాగితంలో ఒక్కో చోట ఉంటే తప్పు పేపరుది, రోలుది. అంచు నున్నగా తెగి, కోత మాత్రం ఏటవాలుగా ఉంటే కట్టరుకు ఏ పాపమూ తెలియదు, పేపరే వంకరగా వచ్చింది. అసలు తెగకపోతే మాత్రం ముందు సెట్టింగు చూడండి. డ్రైవర్‌లోనో, ప్యానెల్‌లోనో ఆటో కట్ ఆపేసి ఉంటుంది. లేదంటే పేపరు రకం కాన్వాస్ అనో మరొకటనో ఎంచి ఉంటారు, కొన్ని రకాలకు మెషిన్ తనంతట తనే కట్టర్ని ఆపేస్తుంది.

కోత ఏటవాలుగా ఉందో లేదో తేల్చడానికి మూలమట్టం అక్కర్లేదు. తెగిన షీటును పొడుగ్గా మడిచి, ఎడమ అంచును కుడి అంచు మీదకు సరిగ్గా తీసుకురండి. రోలు పక్క అంచులు ఫ్యాక్టరీలో సమానంగా కోసినవి కాబట్టి అవి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఇప్పుడు పైమూలలు కూడా కలిస్తే కోత తిన్నగా ఉన్నట్టు. ఒకటి బయటకు పొడుచుకొస్తే, ఆ పొడుచుకొచ్చినంతే మీ వంకర. దాన్ని స్కేలుతో కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత ఏం సరిచేసినా ఈ అంకె తగ్గిందా లేదా అన్నదే లెక్క.

"ఒకే చోట చిరుగు" అన్న మాట నేను తేలిగ్గా రాయడం లేదు. పని నేర్చుకున్న కొత్తలో బొబ్బిలిలో ఒక షాపుకు వెళ్లాను. ఆ షాపు పెద్దాయన కాగితం నా ముందు పరిచి, "ఏటి బాబూ, ఎలక కొరికినట్టు కొరికేస్తంది మీ మిషను" అన్నారు. నిజంగానే కుడి అంచుకు జానెడు దూరంలో కొరికినట్టు ఉంది. నేను అంచును సరిగా పోల్చి చూడకుండా కట్టర్ పోయిందని చెప్పి, కొత్తది తెప్పించి బిగించాను. మర్నాడు పొద్దున్నే ఫోను. అదే చోట, అదే చిరుగు. మళ్లీ వెళ్లి, మెషిన్ ప్లగ్ తీసి, కట్టర్ దొర్లే గాడిలో టార్చి వేసి చూస్తే, వేలిగోరంత పారదర్శకమైన టేపు ముక్క ఆ గాడిలో అతుక్కుని ఉంది. కొత్త రోలు మొదటి చుట్టకు అంటించి వచ్చే టేపు అది. దాని మీద ఎన్నాళ్ల కాగితపు పొడో పేరుకుని గట్టిపడింది. ప్లాస్టిక్ పుల్లతో గీరితే ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. పాత కట్టరే తిరిగి బిగించి, కొత్తదాని డబ్బు ఆయనకు వెనక్కి ఇచ్చేశాను. ఆ రోజు నుంచి గాడి చూడకుండా కట్టర్ మాట ఎత్తను.

మీరూ అదే చేయండి. మెషిన్ ఆపి, ప్లగ్ తీసేసి, ముందు మూత ఎత్తి, టార్చి వెలుగులో గాడిని ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. ముఖ్యంగా మీకు తెగకుండా మిగిలే కుడి చివర. సన్నని కాగితపు పీలికలు, టేపు, ఒక్కోసారి స్టేప్లర్ పిన్ను కూడా దొరుకుతుంది. మెత్తటి కుంచె పెట్టిన చిన్న వాక్యూమ్‌తో లాగేయండి. బ్లోయర్‌తో ఊదకండి. ఊదితే దుమ్ము బయటకు రాదు, సెన్సార్ల మీదకూ, హెడ్ ఎక్కడుందో మెషిన్‌కు చెప్పే సన్నని ఎన్‌కోడర్ పట్టీ మీదకూ వెళ్లి కూర్చుంటుంది. బ్లేడును వేలితో తాకి పదును చూడకండి, తెగుతుంది. కట్టర్‌కు మెషిన్ ఆయిల్ వేయకండి. ఆ నూనె పేపరుకు అంటడమే కాదు, పొడిని పట్టి ముద్ద చేస్తుంది.

ఖాళీ పేపరు ఐదుసార్లూ బాగా తెగి, ప్రింటు వేసినప్పుడే చిరుగుతోందనుకోండి. అప్పుడు అనుమానం ఇంకు తడి మీద. రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక ఫొటో మీద గీసిన రంగుల పటాలు ప్రింటుకు రావడం పెరిగింది. గీతల డ్రాయింగ్‌కు పట్టే ఇంకు ఎంత, కాగితమంతా రంగు నిండే పటానికి పట్టే ఇంకు ఎంత! 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే మామూలు బాండు పేపరు అంత తడిని తాగితే అలలు అలలుగా ఉబ్బుతుంది. ఆ అలల మీద కట్టర్ తిన్నగా ఎలా పోతుంది? అలాంటి పనులకు కాస్త మందం ఉన్న కోటెడ్ పేపరు వాడండి, ఆరే సమయం పెంచండి, క్వాలిటీని ఒక మెట్టు దించి ఇంకు తగ్గించండి. ఆరే సమయం పెడితే కట్ కొట్టే ముందు మెషిన్ కాసేపు ఆగుతుంది. పక్కన కస్టమర్ నిలబడి ఉంటే ఆ నిమిషం గంటలా అనిపిస్తుంది, నిజమే. ఆగండి. క్యానన్ ప్లాటర్లలో పేపరు రకాన్ని బట్టి కటింగ్ స్పీడు తగ్గించుకునే వీలు కూడా ఉంది.

ఇక వంకర సంగతి. మీ అసలు జబ్బు ఇక్కడే ఉందని నా నమ్మకం.

రోలును స్పిండిల్‌కు, అంటే రోలు గొట్టంలో దూర్చే కడ్డీకి ఎక్కించి, చివరి ప్లాస్టిక్ బిళ్ల బిగించారు కదా. ఆ బిళ్లకూ రోలు అంచుకూ మధ్య సందు ఉందా? విజిటింగ్ కార్డు దూరేంత సందున్నా చాలు. రోలు తిరిగేటప్పుడు ఆ సందులోకి జరుగుతుంది, దాంతో పేపరు మెల్లగా పక్కకు లాగుతుంది. మొదటి మీటరులో ఏమీ తెలియదు. రెండో మీటరు, మూడో మీటరు వచ్చేసరికి బయటపడుతుంది. మీరు రాసిందీ సరిగ్గా అదే కదా! రోలును నిలబెట్టి స్పిండిల్ దూర్చి, బిళ్ల మీద అరచేత్తో గట్టిగా నొక్కి బిగించండి. పడుకోబెట్టి ఎక్కిస్తే సందు మిగిలే అవకాశం ఎక్కువ. రోలు లోపలి గొట్టం 2 అంగుళాలదా, 3 అంగుళాలదా కూడా చూసుకోండి. 3 అంగుళాల గొట్టానికి అడాప్టర్ వేయకుండా ఎక్కిస్తే రోలు లోపల వదులుగా ఊగుతుంది. అడాప్టర్ ఒక వైపే వేసి రెండో వైపు మరిచిపోయిన షాపులనూ చూశాను.

తర్వాత రోలు మొహం మీద, అంటే చుట్టలు చుట్టలుగా కనిపించే పక్క భాగం మీద, చూపుడు వేలు పెట్టి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. నున్నగా, పలకలా ఉండాలి. వేలికి మెట్టులా తగిలితే రోలు ఒక పక్కకు జారి చుట్టుకుపోయిందని అర్థం. ఎక్కడైనా నొక్కుకుపోయినట్టు తగిలితే ఆ దెబ్బ లోపల ఎన్ని చుట్టల దాకా వెళ్లిందో చూడండి. మనకు రోళ్లు ఎక్కువగా విశాఖపట్నం నుంచి బస్సు పార్శిల్‌లో వస్తాయి. దింపేటప్పుడు నిలువుగా నేలకు కొడితే అంచు నలుగుతుంది. నలిగిన అంచు పించ్ రోలర్ కిందకు వచ్చిన ప్రతిసారీ పేపరు ఆ పక్క కాస్త ఆగుతుంది, రెండో పక్క ముందుకు పోతుంది. అదే వంకరకు మొదలు. కాబట్టి పార్శిల్ వచ్చిన రోజే అంచు తడిమి చూడండి. నలిగిందని తేలితే డబ్బా తెరిచి వారం రోజులు ఆగకుండా అప్పుడే ఫొటో తీసి పంపిన వాళ్లకు చెప్పండి.

పేపరు దూర్చేటప్పుడు కొస తిన్నగా ఉండాలి. టేపు ఊడదీసిన చోట చిరిగి ఉంటే, జిగురు మిగిలి ఉంటే ఆ భాగం మొత్తం కోసేసి అప్పుడు దూర్చండి. కుడి అంచు మెషిన్ మీద గీసి ఉన్న గీతకు ఆనుతోందా చూడండి. రెండు చేతులతో రెండు పక్కలా సమానంగా నెట్టండి, మధ్యలో పట్టి నెట్టకండి. వంకరగా ఉందని ప్యానెల్ మీద వస్తే మళ్లీ తీసి ఎక్కించండి. చాలామంది విసుగెత్తి ఆ వంకర తనిఖీనే ఆపేస్తారు. క్యానన్‌లో దాన్ని వదులు చేసుకోవచ్చు, పూర్తిగా ఆపేసుకోవచ్చు కూడా. ఇంకొన్నింటిలోనూ ఆ వీలుంది. అది ఆపితే మెసేజ్ పోతుంది కానీ వంకర పోదు. మీ మెషిన్‌లో ఆ తనిఖీ ఎవరైనా ఆపి ఉంచారేమో ముందు చూడండి. ఆపి ఉంటే మళ్లీ పెట్టండి.

రోలు చివరికొచ్చిందా అన్నదీ చూడాలి. ఆఖరి నాలుగైదు మీటర్లు గొట్టానికి గట్టిగా చుట్టుకుని ఉంటాయి కాబట్టి పేపరు చుట్ట తిరిగిపోయి అంచులు పైకి లేస్తాయి. కొన్ని చవక రోళ్లలో చివర గొట్టానికి జిగురుతో అంటించేస్తారు. మెషిన్ లాగుతుంది, అది రాదు, జామ్ అవుతుంది. ఆ ముక్కను పెద్ద డ్రాయింగ్‌కు పెట్టకండి. ఏ3 సైజు చిన్నా చితకా పనులకు వాడేయండి, లేదా తీసి పక్కన పెట్టేయండి.

మన ప్రాంతంలో మరిచిపోకూడనిది చెమ్మ. సముద్రం దగ్గర. జూన్ నుంచి అక్టోబరు చివరిదాకా గాలిలో తేమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత పలాస వైపు ఒక షాపు నుంచి పిలిచారు. షాపులోకి నీళ్లు రాలేదు, మెషిన్ తడవలేదు. కరెంటు లేక కొన్నాళ్లు షట్టర్ మూసి ఉంచారంతే. తెరిచాక ప్రతి ప్రింటూ వంకరే, ప్రతి కట్టూ చిరుగే. కట్టర్ ఆర్డరు కూడా పెట్టేశారు. నేను మెషిన్ మీదున్న రోలు కొస పట్టుకుని చూస్తే అప్పడం తడిసినట్టు మెత్తగా ఉంది, అంచులు చీర కుచ్చిళ్లలా అలలు తిరిగాయి. అల్మరాలో ప్లాస్టిక్ కవరు విప్పని రోలు ఒకటి ఉంది. అది ఎక్కించి పది కట్‌లు కొట్టించాను. పదీ నున్నగా తెగాయి. కట్టర్ ఆర్డరు రద్దు చేయించాను.

కాగితపు పీచు తేమ తాగితే పొడవు కన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. రోలులో పీచు మామూలుగా పొడవు దిక్కునే ఉంటుంది కాబట్టి రోలు వెడల్పులో తేడా ఎక్కువ కనిపిస్తుంది. రోలు పక్క భాగాలకే గాలి ముందు తగులుతుంది. అందుకే అంచులు ఉబ్బి అలలు తిరిగి, మధ్య భాగం మామూలుగా ఉంటుంది. ఆ అలే పించ్ రోలర్ కింద మడత పడుతుంది. రాత్రి షాపు మూసేటప్పుడు రోలును మెషిన్ మీద అలాగే వదిలేయకండి. తీసి కవరులో పెట్టండి. తీయడం కుదరకపోతే కనీసం మెషిన్ మీద గుడ్డ కప్పండి. కొత్త రోలు తెచ్చిన వెంటనే ఎక్కించకుండా, ఆ గదిలో ఒక రోజు ఉంచి వాడండి. గోడకు ఆనించి, నేల మీద నిలబెట్టి నిల్వ చేయకండి. మన గోడలు వానాకాలంలో ఎంత చెమ్మ పీలుస్తాయో తెలుసు కదా.

దుమ్ము గురించి ఒక్క సంగతి. విజయనగరంలోనే ఒక షాపులో మీటరు గీత తీస్తే నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వస్తోంది. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో అది చిన్న తప్పు కాదు. ఫీడ్ మోటారు పోయిందన్నారు. షాపుకు ఆనుకుని పిండిమర ఉంది. పించ్ రోలర్ల రబ్బరు మీద తెల్లటి పొర, వేలితో తుడిస్తే పిండి. రోలర్ తిరుగుతోంది కానీ పేపరు జారిపోతోంది. నీళ్లతో తడిపి గట్టిగా పిండిన, నూగు రాలని గుడ్డతో రోలర్లన్నీ ఒక్కొక్కటీ తిప్పుతూ తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ తీస్తే సరిపోయింది. రబ్బరుకు థిన్నర్, పెట్రోలు తగలనివ్వకండి. అప్పటికి మెరుస్తుంది కానీ రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది.

మీరు కూడా ఈ గీత పరీక్ష చేయండి. నిలువుగా ఒక మీటరు గీత, అడ్డంగా 80 సెంటీమీటర్ల గీత ఉన్న డ్రాయింగ్ తీసి, ప్రింటు వచ్చిన వెంటనే స్టీలు టేపుతో కొలవండి. అడ్డం సరిగా ఉండి నిలువులో తేడా వస్తే ఫీడు దగ్గర చూడాలి. అడ్డంలో వస్తే ముందు పేపరు చెమ్మను అనుమానించండి. రంగు నిండిన చోట సన్నని తెల్ల గీతలు వస్తే పేపరు ఎక్కువ జరుగుతోంది, నల్లని గీతలు వస్తే తక్కువ జరుగుతోంది. రోలర్లు తుడిచాక, పేపరు రకం సరిగ్గా ఎంచి, మెషిన్‌లోనే ఉన్న పేపర్ ఫీడ్ అడ్జస్ట్‌మెంటు ఒకసారి చేయండి. తుడవకుండా చేస్తే ఆ దుమ్ముకు తగ్గట్టు సర్దుకుంటుంది, తుడిచిన రోజు మళ్లీ తేడా వస్తుంది.

పేపరు రకం సరిగ్గా ఎంచడం చాలామంది పట్టించుకోరు. ట్రేసింగ్ వేసి బాండు అని పెడతారు, ఫొటో పేపరు వేసి అదే ఉంచేస్తారు. పేపర్ని పట్టి ఉంచే గాలి ఎంత బలంగా పీల్చాలి, ఎంత ఇంకు వేయాలి, ఎంతసేపు ఆరనివ్వాలి, ఇవన్నీ మెషిన్ ఆ పేరును బట్టే నిర్ణయించుకుంటుంది. పలచటి పేపరుకు పీల్చే బలం ఎక్కువైతే అది పలకకు అతుక్కుని ముందుకు కదలదు. మందంగా, చుట్ట తిరిగిన పేపరుకు తక్కువైతే అంచు లేచి ఇంకు చిమ్మే హెడ్‌కు తగులుతుంది. ఎప్సన్‌లోనూ, క్యానన్‌లోనూ ఈ బలాన్ని విడిగా మార్చుకోవచ్చు.

ఇంకో రెండు మూడు చిన్నవి. మెషిన్ మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోందా? ఎండాకాలంలో ఐదు మీద పెడతాం. కట్టర్ చివరికి వచ్చే సరికి తెగిన భాగం అప్పటికే వేలాడుతూ ఉంటుంది. గాలికి ఆ వేలాడేది ఎగిరి, తెగాల్సిన మూలను పైకి లాగుతుంది. ఫ్యాన్ ఆపి ఐదు కట్‌లు కొట్టి చూడండి, తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. కింద బాస్కెట్ నిండిపోయి ఉంటే తెగిన షీటు కిందకు పడక అక్కడే నిలిచి, తర్వాత వచ్చేదానికి అడ్డం పడుతుంది. మీ జామ్‌లలో కొన్ని అవే కావచ్చు. స్టాండు నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయా అన్నది రసమట్టం పెట్టి చూడండి. ఒక కాలు లేచి ఉంటే ఫ్రేము మెలితిరిగి, రోలు ఎంత బాగా ఎక్కించినా ఒక పక్కకే లాగుతుంది. మెషిన్ చోటు మార్చారా ఈ మధ్య? మార్చి ఉంటే ముందు ఇదే చూడండి.

జామ్ అయినప్పుడు వెనక్కి గుంజకండి. మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, మూత ఎత్తి, రోలు వైపు కత్తెరతో పేపరు కోసేసి, లివర్ ఉంటే ఎత్తి, ముందు వైపు నుంచి మెల్లగా లాగండి. చిరిగిన ముక్కలన్నీ బల్ల మీద పెట్టి, పగిలిన అద్దం అతికించినట్టు ఒకదానికొకటి కలిపి చూడండి. ఎక్కడైనా ఖాళీ మిగిలితే ఆ ముక్క ఇంకా మెషిన్ లోపలే ఉంది. దాన్ని వెతికి తీసేదాకా స్విచ్ వేయొద్దు. నెల రోజులుగా మీకు జామ్‌లు అవుతున్నాయి కాబట్టి ఇప్పటికే ఒకటో రెండో ముక్కలు లోపల మిగిలి ఉండొచ్చు. మీ కుడి చివర తెగకపోవడానికి అదే కారణం కావచ్చని కూడా నాకు అనుమానంగా ఉంది.

ఇవన్నీ చేశాక కూడా మిగిలితే పార్టుల దగ్గరికి రావాలి. గాడి శుభ్రంగా ఉండి, కవరు విప్పిన కొత్త రోలు మీద కూడా ఈ చివర నుంచి ఆ చివరకు పీచు లేస్తుంటే బ్లేడు అయిపోయినట్టే. కాన్వాస్, వెనక జిగురున్న వినైల్ ఎక్కువగా ఆటో కట్‌తో కోసి ఉంటే అది త్వరగా అయిపోతుంది. వాటికి ఆటో కట్ ఆపి చేత్తో కోయడమే మంచిది. కొన్ని మెషిన్లలో బ్లేడు విడిగా దొరుకుతుంది, మీరే మార్చుకోవచ్చు. కొన్నింటిలో కట్టర్ సెట్టు మొత్తం మార్చాలి. మీ మోడల్ మాన్యువల్లో చూస్తే తెలుస్తుంది. ఫీడ్ మోటారు విషయంలో, పేపరు లేకుండా మెషిన్ ఆన్ చేసినప్పుడు గరగరమని చప్పుడు వచ్చినా, ఎర్రర్ చూపించి ఆగినా అప్పుడు అనుమానించండి. ప్రింటులో గీత సరిగ్గా సమాన దూరంలో, ఉదాహరణకు ప్రతి ఎనిమిది సెంటీమీటర్లకు ఒకసారి వస్తుంటే, అది గేరు పన్ను విరగడమో, రోలర్ మీద ఒక చోట ఏదో అంటుకోవడమో అయి ఉంటుంది. అప్పుడు కూడా మోటారు మార్చే ముందు గేరు విప్పి చూడమనండి.

మీ మెకానిక్‌ను నేను తప్పు పట్టడం లేదు. నేనూ ఒకప్పుడు అలాగే చెప్పాను. ఆయన్ని మళ్లీ పిలిచి, నెంబర్లు వేసిన ఐదు కాగితాలు చూపించి, ఏ పార్టు పాడైతే ఏ గుర్తు కనిపిస్తుందో వేలు పెట్టి చూపించమని మర్యాదగా అడగండి. మీ మోటారు నిజంగా పోయి ఉంటే ఆయన ఆ గుర్తు చూపించగలడు.

వరస మాత్రం తప్పకండి. ముందు గాడి, జామ్ ముక్కలు. తర్వాత స్పిండిల్ సందు. తర్వాత కొత్త రోలు. ఆ తర్వాత రోలర్లు తుడవడం. ఒకసారికి ఒకటే మార్చి, ఐదు కట్‌లు కొట్టి, మడత పరీక్షలో వచ్చిన అంకె రాసుకోండి. అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియక, వచ్చే వానాకాలంలో మళ్లీ మొదటికొస్తారు.

చేశాక ఇక్కడే రాయండి. ప్లాటర్ మోడల్ ఏది, పేపరు ఎంత జీఎస్ఎం, గొట్టం ఎన్ని అంగుళాలది అన్నవి కూడా పెట్టండి. తెగకుండా మిగిలిన కుడి మూలను దగ్గర నుంచి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి, వెలుతురులో ఫొటో తీయండి. ఫొటో ఒక్కటి కాదు, ఐదు కట్‌లవీ కావాలి. చిరుగు ఒకే చోట మొదలవుతోందా లేదా అన్నది చూసి, తర్వాత ఏం విప్పాలో చెబుతాను.